చెరిసగం మాత్రలు

ఉడికిన గుడ్డును కత్తితో కోస్తే పచ్చసొన పొడిపొడిగా రాలి ఒక ముక్కకు ఎక్కువ, ఒక ముక్కకు తక్కువ అవుతుంది. దారంతో కోస్తే కాదు. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. తండ్రి మంచాన పడి, తల్లి బట్టల మిల్లులో షిఫ్టు మీద షిఫ్టు చేస్తున్న రోజుల్లో పొద్దున పూట ఇంట్లో ఉండేది ఒక్క గుడ్డు, తినే నోళ్ళు రెండు. ఆమె దారం ఒక కొసను పళ్ళ మధ్య బిగబట్టి, రెండో కొసను వేలికి చుట్టి, సర్రున లాగేది. తమ్ముడు రెండు చెక్కల్నీ పక్కపక్కన పెట్టి, నేలకు చెంప ఆనించి మరీ పరీక్షించేవాడు. ఏ రోజూ వాడికి వంక దొరకలేదు.

"నువ్వు అక్కవి కాదు, తక్కెడవి!" అన్నాడొకసారి ఏడుపు మొహం పెట్టుకుని. ఆ పేరే నిలిచిపోయింది. తల్లి అలాగే పిలిచింది, వీధి పిలిచింది, ఆనక పనిచేసేచోట కూడా ఎలా పాకిందో పాకింది. 

తండ్రి జబ్బు పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. మూత్రపిండాల్లో నీటి బుడగలు పుట్టి, ద్రాక్షగుత్తుల్లా పెరిగి, పనిచేసే కండను నొక్కి చంపేస్తాయి. చివరి రోజుల్లో ఆయన పొట్ట నిండు చూలాలి పొట్టలా ఉండేది. "మీ నాన్న ఎప్పుడు కంటాడ్రా?" అని పిల్లలు తమ్ముణ్ణి ఏడిపిస్తే అక్క వెళ్ళి వాళ్ళ వీపులు చదును చేసి వచ్చేది. ఆ జబ్బు రక్తంలో దిగుతుందనీ, పుట్టిన ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసే అనీ డాక్టరు తల్లితో అన్నాడు. తల్లి ఆ మాటను తనతోపాటే కాటికి తీసుకుపోయింది. పెద్దయ్యాక, నడుంనొప్పి అని ఒకరూ, రక్తపోటు అని ఒకరూ వెళితే స్కానింగులో బయటపడింది. ఇద్దరికీ ఉంది.

"దేవుడు కూడా నీ దారంతోనే కోశాడక్కా," అన్నాడు తమ్ముడు ఆస్పత్రి మెట్లు దిగుతూ. నవ్వించాలనే అన్నాడు. ఆమె మెట్లు చూసుకుంటూ దిగింది.

ఆమె యూనిఫాం చొక్కాలు కుట్టే కంపెనీలో కటింగు బల్ల దగ్గర పనిచేసేది. బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన సుద్దతో గీత గీసి, ఎడమ చేతికి ఇనుప వలల తొడుగు వేసుకుని, కుడిచేత్తో కరెంటు కత్తిని గీత వెంట నడపాలి. కత్తి ఒక్క వెంట్రుకవాసి వంకరపోతే కింది పొరల చొక్కాలన్నింటికీ ఒక చెయ్యి పొట్టిదవుతుంది. ఆమె కోసిన గుత్తి కుట్టు మిషన్ల దగ్గరికి వెళితే అక్కడి ఆడవాళ్ళు కొలిచి చూడటం మానేశారు.

పెళ్ళిమాట ఒకటి వచ్చింది. మనిషి మంచివాడే. కూర్చోబెట్టి జబ్బు సంగతి ఆమే చెప్పింది. అతను టీ గ్లాసు కింద పెట్టి, "ఆలోచించుకుని చెప్తాను" అన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడని తమ్ముడు చాలా ఏళ్ళు హాస్యమాడేవాడు. తమ్ముడికి మాత్రం అన్నీ తెలిసీ చేసుకున్న పిల్ల దొరికింది. మందుల షాపులో బిల్లులు కొట్టే అమ్మాయి. "ఎవరికి ఏ జబ్బు లేదు వదినా? రోజూ మా కౌంటర్ దగ్గర చూస్తున్నానుగా," అంది ఆ మరదలు మొదటిరోజే. టైర్ల షాపు మీద రెండు గదుల ఇల్లు. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. ఒక గదిలో మొగుడూ పెళ్ళాం, ఇంకో గదిలో అక్క. ఏడాది తిరగ్గానే పుట్టిన మేనకోడలు రెండు గదుల్లోనూ తానే. ఆ పిల్లకు బొమ్మా బొరుసా అని ఎవరూ నోరెత్తి అడగలేదు. పిల్ల నిద్రపోతున్నప్పుడు అత్త అప్పుడప్పుడూ దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూసేది.

అక్క కోరుకున్నది ఒక్కటే. తమ్ముడి పొట్ట తండ్రి పొట్టలా కాకూడదు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. అతని పని భవనాల గొంతులో, తాళ్ళ మధ్య, గ్రీజు మసిలో. నెల నెలా రక్తపరీక్షలో మూత్రపిండాల లెక్క కొంచెం కొంచెం దిగజారుతోంది. అలాంటి రోజుల్లో పెద్దాస్పత్రి డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిపించింది. ఈ జబ్బుకు కొత్త మాత్ర ఒకటి వచ్చిందనీ, బుడగలు పెరగకుండా ఆపుతుందేమో మూడేళ్ళపాటు పరిశోధన చేస్తున్నామనీ, చేరతారా అనీ అడిగింది. మిగతాది నర్సు వివరించింది. ఆవిడ చీటికి మాటికి "అర్థమైందా?" అనే మనిషి.

"సగంమందికి నిజం మందు ఇస్తాం. సగంమందికి లోపల పిండే ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికి ఏది పడిందో మీకూ తెలీదు, మాకూ తెలీదు. అర్థమైందా?"

"మీకు తెలీకుండా ఎలా ఇస్తారమ్మా?" అంది అక్క.

"సీసా మీద నెంబరు ఉంటుంది. ఆ నెంబరు గుట్టు ఇంకెక్కడో ఉంటుంది. మందు పడ్డవాళ్ళకి దాహం బాగా వేస్తుంది, బాత్రూంకి ఎక్కువసార్లు వెళ్ళాలి. వేస్తే మాకు చెప్పండి. మీలో మీరు పోల్చి చూసుకోకండి. ఎవరి సీసా వాళ్ళదే. అర్థమైందా?"

"మరి మాలో ఒకరికి మందు, ఒకరికి పిండి వస్తే?"

"రావచ్చు. ఇద్దరికీ మందే రావచ్చు, ఇద్దరికీ పిండే రావచ్చు. చీట్లు తీసినట్టే అది."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. బస్సులో ఇంటికి వస్తూ అక్క ఒళ్ళో రెండు సీసాలు పెట్టుకుని కూర్చుంది. తమ్ముడికి మతిమరుపు. వాడి మాత్రలు కూడా ఆమే గుర్తుపెట్టుకోవాలి. ఒకరి కంచంలో వడ్డించి ఇంకొకరి కంచం ఖాళీగా ఉంచడం ఏం న్యాయం? అలాంటి పని పిల్లప్పుడు కూడా తమ ఇంట్లో జరగలేదు. పిండి సీసా తనదైతే ఫరవాలేదు. వాడిదైతే? మూడేళ్ళపాటు తన చేత్తోనే వాడికి రోజూ పొద్దున్నా సాయంత్రం పిండి మింగించి, తాను మాత్రం మందు మింగాలి.

ఇల్లు చేరాక గది తలుపు దగ్గరకు వేసి, బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి, రెండు సీసాలూ అందులో బోర్లించింది. డబ్బా మూత పెట్టి బాగా కుదిపింది. మళ్ళీ కళ్ళు మూసుకుని ఒక్కొక్క మాత్ర తీసి, దీనికొకటి, దానికొకటి, సీసాలు నింపింది. ఇప్పుడు ఎవరి అదృష్టం ఎలా ఉన్నా ఇద్దరికీ చెరి సగం. అంతకంటే నికార్సైన లెక్క లోకంలో లేదనుకుంది. కొత్త సీసాలు వచ్చిన ప్రతిసారీ అదే పని. తిరిగి ఇచ్చేటప్పుడు మిగిలిన మాత్రల లెక్క ఇసుమంత కూడా తేడా వచ్చేది కాదు. నర్సు ఆమెను మిగతావాళ్ళకు చూపించి, "ఈవిణ్ణి చూసి నేర్చుకోండి" అనేది.

గుట్టు ఇంట్లో ఎక్కువ రోజులు ఆగలేదు. ఒకరోజు తమ్ముడికి కడవలకొద్దీ దాహం, మర్నాడు అసలు లేదు. తనకు లేని రోజున అక్క నీళ్ళ బాటిలుతో తిరుగుతోంది.

"ఏం చేశావు?" అన్నాడు.

చెప్పింది. తమ్ముడు మంచం మీద వెనక్కి పడి నవ్వాడు. "పిల్లుల రొట్టె కోతి పంచినట్టుంది! తప్పు కాదూ?"

"నోరు ముయ్యి. మింగేది మనం. సీసా మన చేతికొచ్చాక మన ఇష్టం."

"ఏమో వదినా," అంది మరదలు. షాపులో మందుల మధ్య బతికే పిల్ల కనుక ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. "డాక్టర్లు ఏదో ఉండే అలా చెప్తారు."

"నీ మొగుడికి పిండి సీసా పడి ఉంటే అప్పుడేమనేదానివి?"

మరదలు పిల్లను ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అదొక ఆటయింది. పొద్దున్నే మాత్ర వేసుకుని, "ఇవాళ తగిలింది నాకు!" అని ఒకరు అరిస్తే, "నాకు పిండి! నూనె ఉంటే రొట్టె కాల్చుకుందును!" అని ఇంకొకరు అందుకునేవారు. తమ్ముడికి మందు పడ్డ రోజు పదో అంతస్తులో లిఫ్టు గొంతులో వేలాడుతూ ఉండగా బాత్రూం వచ్చిందంటే చచ్చే చావు. "నన్ను బయటికి లాగండ్రా, లేకపోతే కింద వానొస్తుంది!" అని అరిచాడట. ఆ కథ చెబుతుంటే మరదలు కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అలా గడిచిన రెండేళ్ళూ ఆ ఇంట్లో జబ్బు ఒక చుట్టం లాగా ఉంది. రక్తపరీక్షలు మాత్రం నవ్వలేదు. తమ్ముడి లెక్క మునుపటిలాగే దిగుతూ వచ్చింది. మందు లేకపోతే ఇంకా దిగేదేమోలే అని అక్క సర్దుకునేది.

పరీక్షకు వెళ్ళిన ఒకరోజు, వరండాలో బల్ల మీద కూర్చుని, వరస కోసం చూస్తూ తమ్ముడు ఆవులించాడు. "ఇవాళ నాకు పిండే అక్కా. పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. నీ వంతనుకుంటా."

"మెల్లగా! అవును, నేను రెండు బాటిళ్ళు తాగా."

వెనక తలుపు దగ్గర సూదుల ట్రే పట్టుకుని నిలబడ్డ నర్సు కదల్లేదు. "ఎవరి వంతు?" అంది.

అడుసు తొక్కాక కాలు దాచుకుంటే దాగుతుందా? తమ్ముడు ఏదో హాస్యం చెయ్యబోయాడు కానీ నర్సు మొహం చూసి మధ్యలోనే మింగేశాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. అది చూసే అక్కకు భయమేసింది. అరిచే మనిషి అయితే తానూ అరిచేది. మాత్రల వల్ల కాలేయానికేమైనా అయిందేమో చూడ్డానికి ముందు తమ్ముణ్ణి రక్తపరీక్షకు పంపించి, అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మందు తిన్నవాళ్ళ మూత్రపిండాలు ఎంత నెమ్మదిగా పాడయ్యాయి, తిననివాళ్ళవి ఎంత త్వరగా పాడయ్యాయి, రెండూ పక్కపక్కన పెడితేనే ఇది పనిచేస్తుందో లేదో తెలుస్తుందమ్మా. మీ ఇద్దరి పరీక్షలూ ఇక దేనికీ పనికిరావు. ఈ రోజుతో మీకు మాత్రలు ఆపేయాలి."

"తిననివాళ్ళ గతేంటి మరి?"

"తర్వాత వచ్చేవాళ్ళకి మేలు జరుగుతుంది."

"మా తమ్ముడు ముందొచ్చాడు కదమ్మా," అంది అక్క.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పోనీ, చెరి సగం తిన్నాం కదా, చెరి సగమన్నా మేలు చేసి ఉండదా?"

"ఈ మందు అలాంటిది కాదు. రోజూ రెండు పూటలా ఒంట్లో ఉంటేనే బుడగల మీద పట్టు. ఒకరోజు తలుపేసి ఒకరోజు తీసి పెడితే దొంగకి తీసిన రోజు చాలు కదా?" ఫైలు దగ్గరికి లాక్కుంది. "ఎవరు ఏం మింగారో మాకు తెలియాలి కాబట్టి నెంబర్ల గుట్టు విప్పించాం. తెలుసుకుంటారా? వద్దంటే చెప్పను."

అక్క వద్దనలేదు. ఏదైనా ఒకటేగా అనుకుంది. నిజానికి తన సీసాయే అయి ఉంటుందని ఎందుకో మనసులో గట్టిగా ఉంది. తన నోటి దగ్గరిది వాడికి పెట్టడం ఆమెకు కొత్త కాదు. రెండోవైపు ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

"మందు మీ తమ్ముడి సీసా," అంది డాక్టరమ్మ. "మీది పిండి."

గోడవతల నీళ్ళ మోటారు ఆగింది. అక్క ఇనుప తొడుగు లేని తన ఎడమచేతిని చూసుకుంది.

"అతనికి నేను చెప్పనా? మీరు చెప్తారా?"

"నేనే చెప్తాను."

చెప్పాలనే బయటికి వచ్చింది. తమ్ముడు మోచేతి మడతలో దూది అదిమిపెట్టుకుని వరండా చివర నిలబడి ఉన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు.

"గుట్టు విప్పేశారటగా. నీదే కదూ? నీ సీసాయే కదూ మందు?"

ఆమె అతని మోచేతి మీద జారుతున్న దూదిని సరిచేసింది.

"నాకు తెలుసు! నాకెప్పుడన్నా లాటరీ తగిలిందా? నీకు పడ్డదాంట్లో సగం నాకు పెట్టావు. ఎవత్తి పెడుతుందక్కా ఈ రోజుల్లో, సొంత ప్రాణంలో సగం?" అతని కళ్ళు తడిగా ఉన్నాయి. మనిషి అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

"ఆఁ," అంది అక్క. 

అంతే. ఒక్క ఊపిరి. రేపు చెప్దాం అనుకుంది. రేపటికి అతను మరదలికి చెప్పేశాడు. ఎల్లుండికి లిఫ్టు కంపెనీ మొత్తానికి తెలిసిపోయింది. వారం తిరిగేసరికి టైర్ల షాపు ముసలాయన మెట్ల దగ్గర ఆమె కనబడితే పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నాడు. ఒక చిన్న అబద్ధమయితే పాదు తీసి పారేయచ్చు. ఇది పందిరంతా అల్లుకుంది. దాని నీడలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

మందు మళ్ళీ ఇప్పించమని ఆమె ఒక్కతే డాక్టరమ్మ గదికి చాలాసార్లు వెళ్ళింది. "వాడిది వాడికి ఇవ్వండి, నన్ను తీసేయండి" అంది. డాక్టరమ్మ పైవాళ్ళను అడిగింది, ఒప్పుకోలేదు. మందు అప్పటికి షాపుల్లో లేదు. పరిశోధన ముగిసి, మాత్ర మంచిదేననీ, క్రమం తప్పకుండా వాడినవాళ్ళకు జబ్బు నెమ్మదించిందనీ తేలేసరికి తమ్ముడి మూత్రపిండాలు పూర్తిగా చేతులెత్తేశాయి. కాలి బూడిదైన ఇంటికి తాళం ఎందుకు? మరదలు తన కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది, రక్తం కలవలేదు. అక్క ఇవ్వడానికి అసలు పనికిరాదు. ఆమెవీ బుడగలే.

తమ్ముడు వారానికి మూడుసార్లు డయాలసిస్ హాలులో పడుకునేవాడు. పొడుగాటి హాలు, రెండు వరసల కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన బట్టల బీరువా అంత యంత్రం, లోపల తిరుగుతూ మనిషి రక్తం. పొట్ట తండ్రి పొట్టలాగే పెరిగింది. గ్రీజు మరకలు పోయిన అతని చేతులు తెల్లగా, ఎవరివో లాగా ఉండేవి. పక్క కుర్చీవాడు మారినప్పుడల్లా అతను అక్కను చూపించేవాడు. "ఈవిడ తన మందులో సగం నాకు పోసింది. లేకపోతే నేనెప్పుడో టపా కట్టేద్దును."

"ఊరుకోరా," అనేది అక్క.

"చూశారా, చెప్పుకోదు కూడా!"

ఆమె నీళ్ళు కొలిచి ఇచ్చేది. రోజుకు ఇంతే తాగాలని ఆస్పత్రివాళ్ళు పెట్టిన హద్దు. నాలుక అట్టకట్టుకుపోయి అతను ఇంకో గుక్క అడిగితే, ఇవ్వకూడదు. అతను గ్లాసు అంచు నాకి, "ఆ రోజుల్లో దాహం వేస్తే అదృష్టం అనుకునేవాళ్ళం కదక్కా" అన్నాడు. ఆమె లేచి వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చింది. ఆ సాయంత్రం చెప్పేద్దామని కూర్చుంది. అతను నిద్రలోకి జారుతూ, "నువ్వు లేకపోతే ఈ మాత్రం కూడా దక్కేది కాదు" అన్నాడు. ఈ మాత్రం కూడా లాక్కుంటే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది? చెప్పలేదు.

బుడగల్లో చీము పట్టింది. జ్వరం వచ్చింది, రెండు మూడు రోజులు తగ్గినట్టే తగ్గి, తిరగబెట్టింది. అతను పోయాడు. ఆఖరున మాట్లాడింది భార్యతో. "అక్కను చూసుకో" అన్నాడు.

మరదలు మాట నిలబెట్టుకుంది. కొన్నేళ్ళకు అక్కకు కూడా అదే హాలు, అవే కుర్చీలు వచ్చాయి. కటింగు బల్ల వదిలేసింది. చేతిలో యంత్రం కోసం కలిపి కుట్టిన రక్తనాళం తాడులా ఉబ్బి ఉంటే కత్తి పట్టుకోవడం కుదరదు. మరదలు షాపులో సెలవు పెట్టి వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది, కాళ్ళు తిమ్మిరెక్కితే పిసికేది, నోరెండితే ఐసు ముక్క అందించేది. సొంత తల్లికి కూడా ఎవరూ అంత చెయ్యరు. చేసిన ప్రతిదీ అక్కకు సూదిలా దిగేది. వేరేవాళ్ళకు రావాల్సింది తాను తింటున్నట్టు ఉండేది. తమ్ముడు బతికి ఉన్నంతకాలం అతని కోసం దాచింది. ఇప్పుడు దాచడానికి ఆ సాకు కూడా లేదు. ఈ ఒక్క మనిషన్నా తనను తిట్టాలి. తిట్టి లేచిపోతే అప్పుడు కనీసం లెక్క సరిపోతుంది.

"అమ్మాయ్," అంది ఒకరోజు, యంత్రం తిరుగుతుండగా. "ఆ మందు సీసా నాది కాదు. నీ మొగుడిది. వాడికి దక్కాల్సిన మందులో సగం నేను మింగాను. డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. నేను వాడితో అబద్ధమాడాను."

మరదలి చేతులు కాళ్ళ మీద ఆగాయి. అక్క తిట్టు కోసం ఎదురుచూసింది. 

మరదలి మొహంలోకి కోపం రాలేదు. కన్నీళ్ళు వచ్చాయి. "ఆయన చెప్పారు వదినా, మీరు ఇలా అంటారని."

"ఏం చెప్పాడు?"

"'రుణపడ్డామని మనం కుంగిపోకూడదని, ఎప్పుడో ఒకరోజు అక్క ఆ మందు తనది కాదని చెప్తుంది. నువ్వు మాత్రం నమ్మకు' అన్నారు."

"నిజం చెప్తున్నానే! ఒట్టు! పోయి డాక్టరమ్మనడుగు!"

"ఆవిడ ఈ ఊరు వదిలేసి ఎన్నాళ్ళయింది? ఇప్పుడు అవన్నీ ఎందుకు వదినా? అరవకండి, బీపీ పెరుగుతుంది." కొంగుతో ఆమె నుదురు తుడిచి, తల కింద దిండు సర్దింది. యంత్రం కూత పెట్టింది. నర్సు వచ్చి ఒక మీట నొక్కి వెళ్ళింది.

పక్క కుర్చీలో ఆ రోజే కొత్తగా చేరిన ఆవిడ ఇటు తిరిగి చూస్తోంది. "ఏమైంది? ఎందుకేడుస్తున్నారు?"

"ఏం లేదండీ," అంది మరదలు ముక్కు తుడుచుకుంటూ. "ఈవిడ మా ఆయన అక్కగారు. వెనక ఒక మందు వచ్చినప్పుడు తన వంతులో సగం తమ్ముడికి ఇచ్చేశారు. ఇప్పుడేమో, ఇవ్వలేదంటున్నారు."

"కాదు," అంది అక్క.

కొత్తావిడ ఆమెకేసి ఎంతో గౌరవంగా చూసి, తల ఊపింది. మరదలు మళ్ళీ కాళ్ళు పిసకడం మొదలుపెట్టింది. సూదులు తీయడానికి ఇంకా చాలాసేపుంది.